పోయొస్తారా?

నెల్లూరు తీరంలో రాకెట్ల రాకపోకలు ఆర్టీసీ బస్సులంత మామూలైపోయిన కాలమది. మనుషులెక్కాక అంతరిక్ష నౌక తలుపు మూసే ఇంజనీరు పెంచలరత్నమ్మకు ఆరోజు పదవీ విరమణ. కుర్ర డైరెక్టరు శాలువా కప్పి, ఆమె నోటి ముందు మైకు పెట్టాడు.

"మీ గొంతు ఇచ్చిపోండి మేడమ్. తలుపు మూసేముందు ఎక్కినవాళ్లను మీరడిగినట్టే, ఇకమీద 'పోయొస్తారా?' అని మీ గొంతుతో మిషనే అడుగుతుంది."

"శాలువా కప్పి గొంతు కోస్తావా నాయనా! 'పోయొస్తా' అనేటప్పుడు ఎవరి గొంతు వణికినా నేను దించేసేదాన్ని. మరి నీ మిషనో?"

"వణుకు ఇట్టే పసిగడుతుంది మేడమ్."

"పసిగట్టి, దించుద్దా?"

"టైముకి బండి లేవాలి గదా..."

పెంచలరత్నమ్మ శాలువా తీసి మైకు మీద కప్పేసింది.

"అయితే మూగగానే మూయమను తలుపు. నా గొంతు విని, నేనున్నాననే ధీమాతో ఒక్కరు కూడా ఎక్కడానికి వీల్లేదు!"