మొదటి పిట్ట

"ఈ కార్డు నీ దగ్గరే ఉంచరా. నా చేతికిస్తే ఇంతే సంగతులు," అంటూ అక్క తన ప్రవేశ కార్డును తమ్ముడి జేబులో కుక్కింది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. అంతమందిలో ఆయనకు తల కొట్టేసినట్టయింది.

అరవై దాటిన ఆ తమ్ముణ్ని అందరూ పిట్టల మాస్టారంటారు. రేకులో బొమ్మ కత్తిరించి, గోడకు ఆనించి, డబ్బాతో రంగు చల్లి, పోలీసులు వచ్చేలోగా మాయమైపోయే విద్యను ఆ ఊళ్లో మొదలుపెట్టింది ఆయనే. అప్పట్లో తిట్టి గోడలు కడిగించినవాళ్లే ఇప్పుడు పెద్ద హాల్లో ఆయన బొమ్మల ప్రదర్శన పెట్టారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఈయన ఇంటిని వదిలేసి గోడలు గెలిచాడు. అక్కను ప్రదర్శనకు పిలవను కూడా లేదు. పేపర్లో చూసి, అతుకులేసిన చేతిసంచితో, రెండు బస్సులు మారి తనే వచ్చింది.

ప్రదర్శన నిర్వాహకురాలు ఆవిడ చెయ్యి పట్టుకుని గది గదీ తిప్పింది. మాస్టారు వెనకే నడుస్తూ, బస్సుకు టైమవుతుందనీ, మోకాళ్లు నొప్పెడతాయనీ, మిగతావి ఇంకోసారి చూడొచ్చనీ గుర్తుచేస్తూనే ఉన్నాడు. ఎంత ఎదిగినా సొంత అక్కంటే నామోషీ అన్నమాట, అనుకుంది నిర్వాహకురాలు.

అక్క నోటికి తాళం లేదు. తన మతిమరుపు గురించి తనే చెప్పుకుంది.

"అమ్మ మంచం పట్టినప్పుడు ఆస్పత్రి కాగితాలన్నీ నా దగ్గరే ఉండేవమ్మా. పాత ఎక్స్‌రే తెమ్మన్నాడు డాక్టరు, కొత్తదాని పక్కన పెట్టి చూడాలట. ఇల్లంతా తిరగేశాం, లేదు. ఏదో ఒకటి అనుకుని మందులు మొదలెట్టారు. అమ్మ దక్కలేదు. ఆ తర్వాత నాన్న పోయేదాకా నా చేతికి ఒక్క కాగితం ఇవ్వలేదు. ఆయన తప్పేముంది?"

"అవన్నీ ఇప్పుడెందుకక్కా," అన్నాడు మాస్టారు. సిగ్గుతో ఆయనకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చివరి గదిలో అద్దాల పెట్టె ఒక్కటే ఉంది. అందులో ఆయన మొట్టమొదట కత్తిరించిన పిట్ట. రేకు ఎక్కడిదని ఎవరడిగినా, చెత్తలో దొరికిన నల్ల ప్లాస్టిక్ అని చెప్పేవాడు. పెట్టె కింద చీటీ మీదా అదే రాసుంది. నలభై ఏళ్లుగా పేరుకున్న రంగును నిన్ననే గీకించామనీ, వెనక దీపం కూడా పెట్టించామనీ నిర్వాహకురాలు సంబరంగా చెప్పింది.

"దీపం వద్దు," అన్నాడు మాస్టారు. "వేడికి రేకు పాడైపోతుంది. పదక్కా, బస్సు పోతుంది."

"పోతే ఇంకోటి వస్తుంది. నువ్వు మొదట చేసింది చూడకుండా ఎలా వెళ్తాన్రా?" అక్క సంచిలోంచి కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుంది. "వెయ్యమ్మా దీపం."

నిర్వాహకురాలు స్విచ్ వేసింది. మాస్టారు తల దించుకున్నాడు.

పిట్ట రెక్కల చుట్టూ తెల్లటి గీతలు బయటపడ్డాయి. అక్క అద్దానికి దగ్గరగా జరిగింది. రేకు మూలన సన్నటి అక్షరాల్లో ఒక పేరుంది. ఆవిడ అద్దం మీంచే దాని వెంట వేలు ఆనించి, పెదవులు కదుపుతూ చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది.

అది అమ్మ ఎక్స్‌రే.