గోడ మీద ఊరు

'అ' పక్కన పమిట కప్పుకున్న అమ్మ బొమ్మ.

ప్రేమమ్మ టీచరు వాచకం పైకెత్తి చూపించింది. "అ అంటే?"

ఒకటీ రెండూ తరగతుల పిల్లలు కలిసే కూర్చున్నారు. అందరూ ఆ బొమ్మనే చూస్తున్నారు.

డెబ్బై ఏడు ఉప్పెన తర్వాతి జూన్ అది. దివిసీమలో సముద్రం అంచున ఉన్న ఆ ఊళ్ళో బడి కొత్తగా కట్టారు. గోడల సున్నం వాసన ఇంకా పోలేదు. పిల్లల్లో చాలామందికి అమ్మ లేదు.

పేజీ తిప్పింది. 'ఇ' పక్కన ఇల్లు.

వాచకం మూసేసింది.

పెరట్లో గంజి కాచిన పొయ్యిలోంచి బొగ్గులు ఏరుకొచ్చి, తలో ముక్కా చేతిలో పెట్టింది.

"మన ఊరు ఎట్టా ఉండేదో ఈ గోడ మీద వేయండర్రా. ఏది వేస్తే దాని కింద పేరు రాయాలి. అదొక్కటే షరతు."

ముందు సఫియా లేచింది. వాళ్ళ నాన్న సోడా బండి వేసింది.

"టీచరండీ, 'సో' ఎట్టా రాయాలండీ?"

"బండికి గొడుగు లేదుగా!" అన్నాడు అబ్బులు.

"ఉండేది! ఎండాకాలం కట్టేవాడు మా అబ్బా."

ఇక ఆగలేదు. చర్చి గంట వచ్చింది. చేపలు ఎండేసే దడి వచ్చింది. కొమ్ము విరిగిన పాపాయమ్మ గేదె వచ్చింది. ఇటుక ముక్కతో ఎరుపు, చిక్కుడాకు పసరుతో పచ్చ. 'గే' రాయడం గేదె దగ్గరే వచ్చేసింది అందరికీ.

ప్రేమమ్మది గుడివాడ. ఉప్పెనకు ముందు ఈ ఊరిని ఆమె చూడలేదు. రోజూ కాస్త కాస్తగా ఇప్పుడు చూస్తోంది.

గోడ మీద వేసిన బావి పక్కన మాత్రం జాగా ఖాళీగా వదిలేశారు.

"ఇక్కడేం ఉండేదమ్మా?"

"హెడ్మాస్టారి ఇల్లండీ," అంది సఫియా గొంతు తగ్గించి. "మాకు భయం."

ఉప్పెన రోజు ధర్మారావు మాస్టారు పనిమీద అవనిగడ్డ వెళ్ళారు. తిరిగొచ్చేసరికి ఇల్లూ లేదు, ఇంట్లో ఉన్న భార్యా లేదు. ఆ తర్వాత ఆమె మాట ఆయన నోట ఎవరూ వినలేదు.

శనివారం ఆయన తరగతిలోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏవిటమ్మా ఇది? సోమవారం ప్రారంభోత్సవం. పెద్దలొస్తున్నారు."

"తెలుగు పాఠం అండీ."

"తెలుగు పాఠం వాచకంలో ఉంది. సాయంత్రానికి సున్నం కొట్టించండి."

వెనక్కి తిరగబోయారు. గేదె దగ్గర చూపు ఆగింది.

కింద 'పాపాయమ గేదె' అని ఉంది.

"మ కింద వత్తేదర్రా?"

అబ్బులు చేతిలో బొగ్గు తీసుకుని వత్తు పెట్టారు.

బొగ్గు తిరిగి ఇవ్వలేదు. తర్వాత నాలుగడుగులు పక్కకి వేసి, బావి దగ్గర ఒక గోడ గీశారు. తాటాకు కప్పు వేశారు. వంగితే తప్ప లోపలికి వెళ్ళలేని గుమ్మం. దాని మీదికి పాకిన బీరపాదు. పువ్వులు కూడా పెట్టారు.



"కింద పేరు రాయాలండీ మాస్టారూ," అంది సఫియా. "షరతండీ."

ప్రేమమ్మ కంగారుపడి ఆ పిల్లను వెనక్కి లాగింది.

పెళ్ళయిన నాటి నుంచి "ఇదిగో" అనడమే గానీ, భార్యను పేరు పెట్టి పిలిచిన మనిషి కాదాయన.

గుండ్రంగా, నెమ్మదిగా రాశారు. పక్కకి జరిగారు.

పిల్లలు అలవాటుగా కూడబలుక్కుంటూ చదివారు. "సు... బ్బా... య... మ్మ."

మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"మళ్ళీ చదవండి," అన్నారు.