ఫ్రేములో పట్టని చెయ్యి

కెజాయా కత్తెరతో ఫోటో ఎడమ అంచుని సన్నగా కోసేసింది.

"అదేంటే, కోసేస్తున్నావ్?" అంది నయెలా.

"ఫ్రేములో పట్టడం లేదు. పైగా చూడు, ఎవరిదో చెయ్యి అంచులోకి వచ్చిపడింది. వర్లీన్ ఒక్కతే కనపడాలి."

కోసిన ముక్కని గౌను జేబులో కుక్కుకుంది.

ఫిబ్రవరి వచ్చిందంటే ఆ అలబామా బడిలో నాలుగో తరగతి పిల్లలంతా మైనపు బొమ్మలైపోతారు. నల్లవారి చరిత్రలోంచి తలా ఒకరి వేషం వేసుకుని జిమ్ హాల్లో కదలకుండా నిలబడతారు. పక్కన తాము వేషం వేసిన మనిషి ఫోటోతో ఒక బోర్డు, ఎదుట బల్ల మీద ఎర్ర కాగితం బటన్ ఉంటాయి. ఎవరైనా నొక్కితేనే బొమ్మ మాట్లాడాలి.

ఈసారి ఒక బోర్డుని బడి గుమ్మంలో ఎప్పటికీ ఉండేలా తగిలిస్తారట. ఎంచడానికి జిల్లా బడులన్నిటికీ పెద్ద, డాక్టర్ గెయిన్స్, పన్నెండింటికి వస్తారు.

అది తన బోర్డే అవుతుందని కెజాయాకి గట్టి నమ్మకం. మిగతావాళ్ళంతా పుస్తకాల్లో ఉన్నవాళ్ళని పట్టుకున్నారు. తను ఈ ఊరి పిల్లనే పట్టుకుంది. ఆ ఫోటో ఉన్న పాత పేపరు కోసం మూడు వారాలు లైబ్రరీలో కూర్చుంది.

"ఊపిరి పీల్చకే, మైనం కరిగిపోతుంది," అంది నయెలాతో.

నయెలాది పైలట్ వేషం. ఈత కొట్టేటప్పటి కళ్ళద్దాలు నుదుటికి ఎక్కించుకుంది.

"ఎక్కువ మాట్లాడితే నిన్ను నా విమానం ఎక్కించను," అంది.

అప్పుడే ఒక ముసలావిడ వచ్చి కెజాయా ముందు ఆగింది. నెత్తిన ఊదారంగు టోపీ, ఆదివారం చర్చికి పెట్టుకునేంత పెద్దది. బటన్ నొక్కింది. ఆవిడ చిటికెనవేలు కొక్కెంలా వంగి ఉంది.

బొమ్మకి ప్రాణం వచ్చింది.

"నేను వర్లీన్ టబ్స్‌ని. 1965లో, ఆరేళ్ళప్పుడు, అప్పటిదాకా తెల్లపిల్లలకే ఉన్న ఈ బడిలో అడుగుపెట్టిన మొదటి నల్ల పిల్లని. రోడ్డుకి రెండు పక్కలా జనం తిడుతూ నిలబడ్డారు. నేను ఒంటరిగా నడిచాను. పోయిన వేసవిలో కన్నుమూశాను."

"ఒంటరిగానా?" అంది ముసలావిడ.

బొమ్మలు ప్రశ్నలకి జవాబు చెప్పకూడదు. కానీ పెద్దవాళ్ళు అడిగినప్పుడు పలక్కపోతే అమ్మ ఊరుకోదు.

"అవునండీ. పేపర్లో అలాగే రాశారు."

"పేపరువాళ్ళు లోపలికి వెళ్ళినవాళ్ళనే చూశారు తల్లీ. వెనక్కి వెళ్ళినవాళ్ళని చూడలేదు."

"వర్లీన్ వెనక్కి వెళ్ళలేదండీ. సాయంత్రం దాకా బడిలోనే ఉంది. నేనంతా చదివాను."

ముసలావిడ నవ్వింది. "ఉంది ఉంది. మొండిఘటం."

మళ్ళీ బటన్ నొక్కింది. కెజాయా మళ్ళీ మొదటినుంచీ చెప్పింది.

మూడోసారీ నొక్కింది. ఈసారి కళ్ళు మూసుకుని వింది.

వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.

"అమ్మమ్మా, వరసలో ఇంకా జనం ఉన్నారండీ," అంది కెజాయా.

"వెళ్తున్నా బంగారం. బాగా చెప్పావు. తల ఇంకొంచెం ఎత్తు. అది తలెత్తుకునే నడిచింది."

ఆవిడ తన కోటు మీది స్టిక్కరు పీకింది. బయటినుంచి వచ్చినవాళ్ళు ఆఫీసులో వివరాలు రాసి అంటించుకునే స్టిక్కరు అది. దాన్ని ఫోటోకి ఎడమ పక్కన అంటించి, చేత్తో ఒకసారి నొక్కి, వెళ్ళిపోయింది.

"నీ బోర్డు మీద చెత్త అంటించి పోయిందే!" అని కిసుక్కున నవ్వింది నయెలా.

కెజాయాకి ఒళ్ళు మండిపోయింది. కానీ బొమ్మ కదలకూడదు.

ఇంతలో టీచరు మిసెస్ బోల్డెన్ చప్పట్లు కొట్టింది. "పిల్లలూ, డాక్టర్ గెయిన్స్ వచ్చేస్తున్నారు!"

ఇక లాభం లేదనుకుని కెజాయా స్టిక్కరు మూలని గోటితో గీకబోయింది.

చదివింది.

గోరు ఆగిపోయింది.

మరుక్షణం బొమ్మ హాల్లోంచి బయటికి పరుగెత్తింది. కారు ఒకటి గేటు దాటి మలుపు తిరుగుతోంది. వెనక అద్దంలోంచి ఊదారంగు టోపీ కనిపించింది.

"అమ్మమ్మా! ఆగండీ!"

కారు ఆగలేదు.

కెజాయా రొప్పుతూ తిరిగొచ్చింది. జేబులోంచి నలిగిన ముక్క తీసింది. మడతలు సాపు చేసి ఫోటో పక్కన పెట్టింది. అప్పుడు తెలిసింది, ఆ వేళ్ళు వర్లీన్ గౌను చేతిని గట్టిగా పట్టుకుని ఉన్నాయని. చిటికెనవేలు కొక్కెంలా వంగి ఉంది.

"మళ్ళీ పెడుతున్నావా? ఫ్రేములో పట్టదన్నావుగా!" అంది నయెలా.

"ఫ్రేమే తీసేస్తాను."

తీసేసింది. ముక్కని టేపుతో అతికించింది. తన చోట్లో నిలబడి తలెత్తింది.

డాక్టర్ గెయిన్స్ వచ్చి బటన్ నొక్కారు.

"నేను వర్లీన్ టబ్స్‌ని. 1965లో ఈ బడిలో అడుగుపెట్టిన మొదటి నల్ల పిల్లని. రోడ్డుకి రెండు పక్కలా జనం తిడుతూ నిలబడ్డారు. నేను ఒంటరిగా నడవలేదు. ఒకామె నన్ను గుమ్మం దాకా తెచ్చి దింపి, అదే జనం మధ్యలోంచి ఒంటరిగా వెనక్కి నడిచింది."

"ఈ సంగతి నేనెప్పుడూ వినలేదే! ఎవరామె?" అన్నారు డాక్టర్ గెయిన్స్.

కెజాయా తడబడలేదు. వేలితో స్టిక్కరు చూపించింది.

పేరు: ఒనీటా టబ్స్. ఎవరిని చూడటానికి వచ్చారు: మా చెల్లెల్ని.