మీరు కూర్చోండి

"మేడమ్ ఇవాళ ఏ చీర కట్టింది?"

ఫిన్నీ ఇంకా బూట్లు కూడా విప్పలేదు. బాపట్ల నుంచి తెనాలి దాకా రైల్లో నిలబడి వచ్చిన మొగుణ్ణి, మంచినీళ్ళయినా ఇవ్వకుండా శ్రీజ అడిగిన మొదటి మాట అది.

"నెమలికంఠం రంగు."

"బాగుందా?"

"ఆ రంగు ఆవిడకి బాగానే ఉంటుందిలే."

శ్రీజకు కడుపు మండిపోయింది. అడగడమూ తనే, మండడమూ తనకే.

ఫిన్నీ గనులకు పర్యావరణ ప్రణాళికలు తయారుచేసే కన్సల్టెంటు. రేపల్లె దగ్గర ఒక ఇసుక క్వారీ అనుమతి కోసం కొన్నాళ్ళుగా బాపట్ల ఆఫీసుకు తిరుగుతున్నాడు. అక్కడ ఆ ఫైలు చూసేది మేడమ్. ఒక్క పొల్లు కూడా వదలదు. లారీల దుమ్ముకు ఏం చేస్తారని ఒకసారి తిప్పి పంపింది. అంత లోతు తవ్వితే పక్క పొలాల బోర్లలోకి ఉప్పునీరు రాదా అని ఇంకోసారి. గట్టు మీద మొక్కలు నాటి వదిలేస్తే ఎవరు బతికిస్తారని ఇవాళ.

తిప్పి పంపినప్పుడల్లా ఫిన్నీ విసుక్కునేవాడు. శ్రీజ కుళ్ళుకునేది. అంతంతసేపు ఆవిడ ఎదురుగా కూర్చోవడం! ఆవిడ గొంతు వినడం!

"తిట్టిందా?"

"ఫైల్ని తిట్టారు. నన్ను మాత్రం 'మీరు కూర్చోండి' అన్నారు."

"మీరా?"

"అవును మరి. నాలాగే ఫైళ్ళు పట్టుకొచ్చే, యాభై దాటిన బ్రహ్మయ్యగారిని కూడా 'ఏవయ్యా' అంటారు. నాకే ఆ మర్యాద." ఫిన్నీ మీసం దువ్వుకున్నాడు.

"నా ఊసేమైనా వచ్చిందా?"

"రాలేదు."

శ్రీజ నీళ్ళ గ్లాసు ఠప్పున బల్ల మీద పెట్టింది. సగం నీళ్ళు ఒలికాయి.

"ఇంకెంతలే. రాత్రికి సరిచేసి రేపు ఇచ్చేస్తే సంతకం అయిపోద్ది. మళ్ళీ బాపట్ల వెళ్ళే పనే ఉండదు," అన్నాడు ఫిన్నీ ఊరడింపుగా. శ్రీజ ఊరడిల్లలేదు.

గోడలకు చెవులుంటాయంటారు. ఆ ఇంటి గోడకున్న చెవులు పక్క వాటా పున్నమ్మ పిన్నివి. పొద్దున్నే కరివేపాకు వంకతో వచ్చి ఆవిడ గొంతు తగ్గించింది.

"అంతా విన్నానే అమ్మాయ్. మగాణ్ణి ఒంటరిగా పంపి ఇంట్లో ఏడిస్తే ఏంటి లాభం? నువ్వూ వెళ్ళు. ఎదురుగా నిలబడి తేల్చుకో. కావాలంటే జుట్టు పట్టుకో."

చివరి మాట శ్రీజకు నచ్చలేదు. వెళ్ళమన్న మాట నచ్చింది. ఇవాళ దాటితే ఆ గుమ్మం ఎక్కడానికి సాకంటూ ఉండదు.

రెండు చీరలు కట్టి విప్పేసింది. చివరికి తన దగ్గరున్న నెమలికంఠం రంగు చీరే కట్టుకుంది.

బాపట్ల ఆఫీసు వరండాలో ఫిన్నీ ఆమెను ఆపాడు. "నువ్వు ఇక్కడే ఉండు. ఫైలు తేలేదాకా గొడవొద్దు."

శ్రీజ గుమ్మానికి ఎదురుగా బల్ల మీద కూర్చుంది. మేడమ్ గదికి సగం తలుపులు. మనుషులు కనబడరు, తలుపు కింద నుంచి కాళ్ళు కనబడతాయి. మాటలన్నీ వినబడతాయి.

"ఏవయ్యా బ్రహ్మయ్యా, రోడ్డు తడుపుతామని రాశావు. ట్యాంకరేది? ఆ దుమ్ము నువ్వు తింటావా?"

బ్రహ్మయ్య చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ఫిన్నీ లోపలికెళ్ళాడు. అంతే, లోపలి గొంతు మారిపోయింది.

"మీరు కూర్చోండి. ఎండన పడి వచ్చారు. ముందు మంచినీళ్ళు తాగండి."

శ్రీజకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అంత మెత్తని గొంతు! అదంతా ఫిన్నీకే! కట్టుకున్నవాడని కూడా చూడకుండా అతని మీద కసి పుట్టింది.

లోపల చాలాసేపు కాగితాలు తిరిగాయి.

"లోతు తగ్గించారు, మంచిది. మొక్కలకి మనిషిని పెట్టారు. ఇది చాలు." కలం గీసిన చప్పుడు. "సంతకం అయిపోయిందండి. ఇక మీ ఫైలుతో నాకు పని లేదు."

శ్రీజ దిగ్గున లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. వెళ్ళిందే గాని తలుపు తోయలేకపోయింది. దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

లోపల కుర్చీ జరిగింది. చెప్పులు గబగబా ఇటే వచ్చాయి. తలుపులు తెరుచుకున్నాయి.

మేడమ్ ముందు ఆ చీరను చూసింది. తరవాత ముఖం చూసింది.

"ఇందాకట్నుంచీ చూస్తున్నా, తలుపు కింద ఆ కాళ్ళు. బయట కూర్చోవడమేంటే? లోపలికి తగలడు."

ఫిన్నీని పెళ్ళాడిందని ఆరేళ్ళుగా మాట మానేసిన అమ్మ మళ్ళీ తనను 'ఏంటే' అనేసరికి, అల్లుడికి దక్కిన 'మీరు'లన్నీ శ్రీజ అతనికే వదిలేసింది.