ఇరుకు సందు కొలత

రాళ్ళగుట్ట దగ్గర ఏడు చీమల పుట్టలుండేవి. వాటికి రాణీ లేదు, పెద్దా లేదు. ఎవరికి గింజలు దొరికినా ఏడు పుట్టల్లోనూ సమంగా దాచాలన్నది కట్టుబాటు. ఒకటి మునిగినా ఇంకోచోట తిండి ఉంటుందని.

"ఇకనుంచి పుట్టకి విడతకు ఇరవై గింజలు పంపుదాం. మా ద్వారంలో ఇట్టే పడతాయి" అంది కింది పెద్ద పుట్టలోని గండుచీమ.

గుట్ట పైన రాతిసందులో ఉన్న ఏడో పుట్ట అన్నిటికన్నా ఇరుకు. మరో పుట్టలోని ఎర్రచీమ అక్కడికెళ్ళి, ఎన్ని పడతాయో లెక్కపెడుతూ మూడు రోజులు కూర్చుంది. మరుసటి విడత వచ్చేలోపు పది గింజలే లోపలికి పోతున్నాయి. పదకొండోది బయటే ఉండిపోతోంది.

"పదే" అని వచ్చి చెప్పింది.

"ఆ సందు కోసం మేమంతా ఆగాలా? దాన్ని వదిలేద్దాం" అంది గండుచీమ.

"ఇవాళ దాన్ని వదిలితే రేపు దాని తర్వాతి ఇరుకుదాన్ని వదలాలి. చివరికి నువ్వొక్కదానివే మిగులుతావు."

చీమలన్నీ పదికే ఒప్పుకున్నాయి.

వానాకాలం ముసురు పట్టింది. కింది ఆరు పుట్టలూ నీళ్ళతో నిండిపోయాయి. రాతిసందు మాత్రం పొడిగా ఉంది. దాచిన వాటాలో ఒక్క గింజా తగ్గలేదు.

చీమలన్నీ అక్కడికే ఎక్కాయి. గండుచీమ సందు గుమ్మంలో తటపటాయించింది. "ఇంత ఇరుకులో ఇంతమందిమి పడతామా?"

"అదీ కొలిచాను" అంది ఎర్రచీమ. "తోసుకోకుండా వస్తే అందరం పడతాం."