శిలువ మీద పేరు

“పాత పేరే రాయాల్నా పెద్దయ్యా?” రంగు డబ్బా మూత తీస్తూ అడిగిందా పిల్ల.

సవరయ్య శిలువ మీది దుమ్ము తువ్వాలుతో దులిపాడు. రేపే ఈస్టరు. పాల్వంచ సమాధుల తోటలో ఎవరి సమాధికి వాళ్లు సున్నం వేసుకుంటున్నారు. శిలువల మీద పేర్లు మాత్రం ఏటా పెయింటర్ బొజ్జయ్యే రాస్తాడు. ఈసారి నడుం పట్టేసిందని, ఖమ్మంలో బోర్డులు రాసే ఈ పిల్లను పంపాడు. ఎండకు ముఖమంతా చున్నీ చుట్టుకుంది. చుట్టుకోకపోయినా సవరయ్యకు ఆనేది కాదు. ముప్పై ఏళ్లు వెల్డింగు చేసిన కళ్లు. మనుషులంతా మసకే.

“ఏం పేరుండె? సగం మాసిపోయింది.”

“షాలేమ్‌రాజు. నా కొడుకు. పందొమ్మిదేండ్లకే గోదారిల పోయిండు.”

భద్రాచలం రేవులో చెప్పులు, మడతపెట్టిన ప్యాంటు, తెల్లచొక్కా దొరికాయి. మనిషి దొరకలేదు. గజ ఈతగాళ్లు మూడు రోజులు వెతికి చేతులెత్తేశారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తే ఆ బట్టలనే పెట్టెలో పెట్టి ఇక్కడ పూడ్చారు. ఏడేళ్లయింది. ఇప్పటికీ ఆ తెల్లచొక్కా సవరయ్య కలలోకి వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. లోపలికి రమ్మంటే రాదు.

“ఎందుకు దూకిండు?”

ఊళ్లో ఇంతవరకు ఆ మాట ఎవరూ ఎదురుగా అడగలేదు. సవరయ్య సమాధి అంచున కూలబడ్డాడు.

“నేనే నూకిన బిడ్డా. చేతుల్తోని కాదు, నోటితోని. ‘నేను పోరణ్ని కాదు నాన్నా, ఆడపిల్లను. ఒక్కసారి అక్సా అని పిలువు’ అని కాళ్లు పట్టుకున్నడు. కాదు, పట్టుకున్నది. వాళ్లమ్మ సంపూర్ణ చాటుకు అట్లనే పిలిచేదంట. నేను జుట్టు కత్తిరించి, తెల్లచొక్కా తొడిగి చర్చికి గుంజుకపోయిన. నలుగురేమంటరోనని భయం. గా నలుగురు సావు కూడిక నాడు బిర్యానీ తిని పోయిండ్రు. సంపూర్ణ గప్పటిసంది నాతోని మాట్లాడదు.”

పిల్ల చేతిలో కుంచె ఆగిపోయింది.

“ఇప్పుడడిగితే పిలుస్తవా?”

“రోజూ పిలుస్తనే ఉన్న, ఖాళీ అర్రల నిలబడి. పలికేటోళ్లేరి?”

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ సంగతి సవరయ్యకు ఒకరు చెప్పాలా! కాసేపు ముఖం తుడుచుకుని శిలువ వైపు చెయ్యి చూపించాడు.

“పాత పేరు కొట్టెయ్యమ్మా. అక్సా అని రాయి.”

“చర్చిల లొల్లయితది పెద్దయ్యా.”

“కానీ. బతికున్నప్పుడు ఇయ్యకపోతి. గిప్పుడన్న ఇయ్యనియ్యి. నా బిడ్డ పేరు అక్సా.”

ఆ పిల్ల కుంచెను సున్నంలో ముంచి, పాత పేరును ఒక్కో అక్షరమే చెరిపేసింది. శిలువ తెల్లబడింది. ఇక కొత్త పేరు రాస్తుందని సవరయ్య చెవులు రిక్కించాడు. కుంచె చప్పుడు లేదు.

“రాయవేంది బిడ్డా? రంగు అయిపోయిందా?”

ఆమె చున్నీ విప్పి, అతని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. సున్నమంటిన చేత్తోనే అతని చెయ్యి పట్టుకుంది.

“బతికున్నోళ్ల పేరు శిలువ మీద రాయొద్దు నాన్నా.”