పేజీ తిప్పండి సార్

"సంతకం పెట్టను. వెళ్లు."

ఆ మాట అంటూనే బెటగేరి సార్ స్టాఫ్ రూమ్ రిజిస్టర్ దగ్గరికి లాక్కుని "నింగవ్వ, సెకండ్ పీయూసీ, 3.20" అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. ఎవరొచ్చినా అంతే. బోర్డు మీద పాఠం మొదలుపెట్టినా, టెస్టు పేపరు దిద్దినా, ఆఖరికి సెలవు చీటీ మీద సంతకం చేసినా టైము రాసి రెండు గీతలు గీయందే ఆయన చెయ్యి ఊరుకోదు. రెండేళ్లలో ఆయన కెమిస్ట్రీ చెప్పింది తక్కువ, టైము గురించి చెప్పింది ఎక్కువ.

నింగవ్వ కదల్లేదు. ఆమె చేతిలో తన పీయూసీ బోర్డు పరీక్ష కెమిస్ట్రీ జవాబు పత్రం నకలు ఉంది. దాని మొదటి పేజీ మీద, మళ్లీ దిద్దమని అడిగే ఫారం క్లిప్పు పెట్టి ఉంది. మళ్లీ దిద్దాల్సిందేనని కెమిస్ట్రీ లెక్చరర్ రాసి సంతకం చేస్తేనే ఆఫీసులో ఆ ఫారం తీసుకుంటారు. గడువు ఐదు గంటలకు. అది దాటితే నర్సింగ్ సీటు లేదు. బ్యాడగి మిర్చి యార్డులో తల్లి పక్కన కూర్చుని తొడిమలు తీయడమే.

"డెబ్బైకి ముప్పై ఒకటి!" సార్ ఫారం మీది అంకె చదివాడు. "బుర్ర లేనిదానివి కాదు. మరి ఎందుకింత తక్కువ? టైము! పార్ట్ ఏకి ఇరవై నిమిషాలు దాటొద్దన్నానా లేదా?"

"అన్నారు సార్."

"రాని లెక్క దగ్గర చతికిలబడొద్దన్నానా?"

"అన్నారు. ఒక పేజీ ఖాళీగా వదిలి ముందుకు పొమ్మన్నారు. పోయాను."

"ఎక్కడికి పోయావే, బస్టాండుకా?"

పక్క టేబుల్ దగ్గర టీ తాగుతున్న ఫిజిక్స్ మేడమ్ కిసుక్కున నవ్వింది. నింగవ్వకు ఒళ్లు మండింది. పొద్దున్నించీ మిర్చి తొడిమలు తీసి మండుతున్న వేళ్లకన్నా ఎక్కువగా.

"పేపరు చూసి తిట్టండి సార్."

"పదిహేనేళ్లుగా బోర్డు పేపర్లు దిద్దడానికి వాల్యుయేషన్ క్యాంపుకు పోతున్నాను తల్లీ. పేపరు బరువు చూసి మార్కులు చెప్పేస్తాను."

"బరువు కాదు సార్, రాత చూడండి."

విసుగ్గా లాక్కున్నాడు. ఫారాన్నీ మొదటి పేజీనీ కలిపి ఒక్క పట్టున వెనక్కి మడిచాడు. వెంటనే తుమ్మాడు. "ఇదేం పేపరే, మసాలా పొట్లమా?"

"యార్డు నుంచి నేరుగా వచ్చాను సార్."

కళ్లు తుడుచుకుంటూ బొటనవేలు తడి చేసుకుని పేజీలు గబగబా తిప్పాడు. నెర్న్‌స్ట్ సమీకరణం లెక్క వచ్చింది. ప్రశ్న నంబరు వేసి ఉంది, కింద ఏమీ లేదు. పేజీ అంతా ఖాళీ. టప్‌మని మూసేశాడు.

"చూశావా? ఇక్కడితో నీ సరుకు అయిపోయింది. పో, పో."

"పేజీ తిప్పండి సార్."

"ఖాళీ పేజీ తర్వాత ఏముంటుందే? నా టైము తినకు."

"వదలమన్నది మీరే. తిప్పండి!"

ఆ గొంతుకు ఫిజిక్స్ మేడమ్ కప్పు కింద పెట్టేసింది. సార్ పేజీ తిప్పాడు.

ఆల్డాల్ సంఘననం. ఆ వెనక కానిజారో చర్య. వరసగా ఎనిమిది పేజీలు, గుండ్రటి అక్షరాలతో నిండుగా ఉన్నాయి. ఒక్క టిక్కు లేదు, ఒక్క ఇంటూ లేదు, మార్జిన్‌లో ఒక్క అంకె లేదు. సార్ పెదవులు కదుపుతూ లెక్కేశాడు. మేడమ్ లేచొచ్చి భుజం మీంచి తొంగిచూసింది.

"ఇరవై ఎనిమిది మార్కులు గాలికి పోయాయి కదండీ, బెటగేరి సార్! మొత్తం యాభై తొమ్మిది రావాలి ఈ పిల్లకి."

సార్ ముఖం జేవురించింది. "ఏ గాడిద దిద్దాడు దీన్ని? కళ్లకు గంతలు కట్టుకున్నాడా? పేజీ తిప్పడానికి వాడి సొమ్మేం పోయింది? ఇలాంటివాణ్ణి క్యాంపు గేటు కూడా దాటనివ్వకూడదు!"

"ఆ మాటే ఫారంలో రాయండి సార్." నింగవ్వ పెన్ను అందించింది.

రాశాడు. కాగితం చిరిగిపోతుందేమో అన్నంత గట్టిగా రాశాడు. "దిద్దిన వ్యక్తి ఖాళీ పేజీ చూసి, మిగిలిన ఎనిమిది పేజీలు తిప్పనేలేదు. ఇది క్షమించరాని నిర్లక్ష్యం. తప్పకుండా మళ్లీ దిద్దాలి. ఆ వ్యక్తిపై కఠిన చర్య తీసుకోవాలి." సంతకం చేశాడు. పక్కన 3.34 వేశాడు. కింద రెండు గీతలు.

"వాడి పేరు తెలిస్తే అదీ రాసేవాణ్ణి."

నింగవ్వ క్లిప్పు తీసింది. ఫారం మడతపడకుండా సంచిలో పెట్టుకుంది. అప్పుడు మొదటి పేజీ సాపు చేసి ఆయన ముందుకు జరిపింది.

"పేరు ఉండదు సార్. టైము ఉంది."

మొత్తం మార్కుల గడి పక్కన, మూలగా, చిన్నగా రాసి ఉంది: 11.42 – 11.45. కింద రెండు గీతలు.